పదకొండు వరసల పాట

"పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్. "విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న మనవాళ్లు. రేపు ఉదయం పదకొండింటికి ఆ లిస్టు దేశం దాటుతుంది."

"ఎలా సర్?"

"పాటగా."

ఏజెంట్ ముఖం వెలవెలబోయింది. డిపార్ట్‌మెంటులో అతని కోడ్‌నేమ్ అపశ్రుతి. జోలపాటకీ అంబులెన్స్ సైరన్‌కీ తేడా తెలియని మనిషి. అలాంటివాడికి సౌండ్ ఇంజినీరు వేషం వేయించాలని ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, రెండు వారాలుగా ఒక చిన్న యాప్ కంపెనీలో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, తల ఊపుతూ నెట్టుకొస్తున్నాడు.

ఫొటోను పాటగా మార్చే యాప్ అది. వెలుతురున్న చోట స్వరం, చీకటున్న చోట నిశ్శబ్దం. తెలిసినవాడి చేతిలో పడితే ఆ పాట మళ్లీ ఫొటో అయిపోతుంది.

"లాంచింగ్ ఆపేద్దాం సర్."

"ఆధారం లేదు. ఎవరి పనో కూడా తెలీదు. కనిపెట్టుకుని ఉండు." చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏడో పేరు మీ చెల్లిది."

మర్నాడు కిటికీలు లేని హాలు నిండిపోయింది. స్టేజీ మీద పెద్ద సూర్యాస్తమయం పోస్టరు, ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోను. పదకొండింటికి డెవలపర్ ఆ పోస్టరును ఫొటో తీయగానే, పాట నాలుగు లక్షల ఫోన్లకు వెళ్తుంది.

కంట్రోల్ రూములో ఏజెంట్ పక్కన డెవలపర్ తల్లి కూర్చుంది. ఆవిడకు చూపు లేదు. అమ్మ ఫొటోలు వినాలనే ఆ కొడుకు యాప్ మొదలుపెట్టాడు. మూడేళ్లుగా ప్రతి పాటా విని తప్పులు చెప్పింది ఆవిడే.

రిహార్సల్ పాట విని ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసేసింది.

"ఇది సూర్యాస్తమయం కాదు బాబూ. అది మెల్లగా దిగిపోతుంది. ఇందులో టకటకమని ఏవో రాతలున్నాయి. పదకొండు వరసలు."

ఏజెంట్ దిగ్గున లేచాడు. జేబులోని పెన్ ట్రాన్స్‌మిటర్ కోసం చెయ్యి వెళ్లేలోపే ఆ చేతికి బేడీ పడింది. రెండో కొస సౌండ్ ర్యాకుకు.

బేడీ వేసింది మార్కెటింగ్ మేడమ్, కంటికి కనపడకుండా పేర్లు దాచి ఆ పోస్టరు చేయించింది. డిపార్ట్‌మెంటుకు ఈ సమాచారం అందించిందీ ఆవిడే. రెండు వైపులా జీతం తీసుకుంటూ రోజూ అతనికి కాఫీ తెచ్చిచ్చింది. పెన్నూ ఫోనూ లాక్కుంది.

"మీ చెల్లికి సారీ చెప్పండి."

"మరి ఈవిడ?"

"పాపం, ఆవిడేం చూసింది గనక." తలుపు బయట గడియ పడింది.

అరిచాడు. సౌండ్‌ప్రూఫ్ గది. అద్దం అవతల డెవలపర్ కొత్త చొక్కాలో నవ్వుతూ మైకు సర్దుకుంటున్నాడు. ర్యాకును గుంజితే మణికట్టు కోసుకుపోయింది గాని అది అంగుళం కదల్లేదు. లైట్ల బోర్డు ఆరడుగుల దూరంలో ఉంది. చిన్నప్పుడు రోడ్డు దాటించడానికి పట్టుకున్న చెయ్యి చెల్లెలిది. ఇప్పుడు తన చెయ్యే తనది కాకుండా పోయింది. ఏడుపొచ్చింది.

"అమ్మా, మీ వెనక గోడకు స్విచ్చులున్నాయి. హాల్లో లైట్లన్నీ ఆర్పెయ్యండి."

"నా కొడుకు మూడేళ్ల కష్టం బాబూ."

"నా చెల్లెలమ్మా."

ఆవిడ చేతిలోని హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టింది. తర్వాత లేచి గోడ తడిమింది. "నాకు లైట్లతో ఎప్పుడు పని పడింది? ఎక్కడున్నాయో చెప్పు."

"ఎడమకి. పైకి. ఇంకొంచెం."

స్టేజీ మీద లెక్క మొదలైంది. మూడు. రెండు.

హాలు చీకటైపోయింది. ఆ చీకట్లోనే ఫోను క్లిక్‌మంది.

నాలుగు లక్షల ఫోన్లలో ముప్పై సెకన్ల నిశ్శబ్దం మోగింది.

మేడమ్ వెనక గేటు దగ్గర దొరికింది. చెల్లెలు క్షేమంగానే ఉందట. ఫోన్ చేసి మాట్లాడే వీలు మాత్రం లేదు. డెవలపర్ మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే తల్లి వీపు నిమురుతోంది. ఆవిడా ఏజెంటూ అతనికి నిజం చెప్పకూడదని చీఫ్ ఆర్డరు.

సాయంత్రానికి రివ్యూలు వచ్చాయి. "ఏమీ వినపడలేదు. ఒక స్టార్." వేలకొద్దీ అవే.

అపశ్రుతి ఆ పాటను మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. జీవితంలో అతనికి అర్థమైన మొదటి పాట అదే. చెయ్యగలిగింది ఇంకేమీ లేక, ఐదు స్టార్లు ఇచ్చాడు.