మడమ చప్పుడు

ప్రాంప్టర్ అంటే ఎవరో తెలుసుగా? స్టేజీ పక్క తెర వెనక, స్టూలు మీద, ఒళ్లో నాటకం పుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు. నటుడు మాట మర్చిపోతే మెల్లిగా అందిస్తాడు. ఇరవై రెండేళ్లు నా పని అదే. మా నాటక సమాజంలో నన్నందరూ 'గుసగుస' అనేవారు. నాకు కోపం వచ్చేది కాదు. వచ్చేది కాదనే అనుకునేవాణ్ణి.

మా హీరో పెద్దాయన. రాజు వేషంలో నిలబడితే హాల్లో దగ్గేవాడు కూడా దగ్గు ఆపుకునేవాడు. గొంతు కోసం ఎప్పుడూ బుగ్గలో లవంగం ఉండేది. డెబ్బై దగ్గర పడ్డాక మతిమరుపు మొదలైంది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. మాకు దుస్తులు కుట్టే సొంత కూతురికి కూడా చెప్పలేదు.

"మాట తట్టకపోతే మడమతో రెండుసార్లు కొడతాను. జనం రాజుగారి దర్జా అనుకుంటారు. నువ్వు వెంటనే అందుకో. నా పరువు నీ చేతిలో ఉందిరా గుసగుసా."

"మీకెందుకండీ, నేనున్నాగా" అన్నాను.

ఆ నాటకం ఓ రాజు కథ. తమ్ముడి మీద అలిగి, కాసేపు బయట ఉండనీ, బుద్ధొస్తుంది అని కోట తలుపు వేయిస్తాడు. ఆ కాసేపట్లోనే వరద వచ్చి తమ్ముడు కొట్టుకుపోతాడు. మా డైరెక్టరు ప్రతి రిహార్సల్లోనూ ఒకటే పాట. "వీడు దుర్మార్గుడు కాదయ్యా. మంచివాడే. మంచివాడు ఒక్క తప్పు చేసి కూలిపోతే దాన్ని విషాదం అంటారు. ఆ తప్పు తనదేనని చివర్లో వాడే గుర్తుపట్టాలి. ఇంకొకడు పట్టిస్తే అది పోలీసు కథ అవుతుంది!" అందరం నవ్వేవాళ్లం. చివరి మాట అదే: "కోట తలుపు వేయించింది నేనే. ఈ తప్పు నాదే."

ఓ రోజు మధ్యాహ్నం మంత్రి వేషగాడికి జ్వరమని కబురొచ్చింది. నేను గొంతు సవరించుకుని, "నాకు మాటలన్నీ నోటికి వచ్చు, నేను వేస్తాను" అన్నాను. పెద్దాయన పకపకా నవ్వాడు. "నువ్వా? నీ గొంతు మొదటి వరుసకే వినపడదు. గుసగుసల మంత్రిని పెట్టుకుంటే నా రాజ్యం గోవిందా!" అని భుజం తట్టాడు. ఆయన మనసులో ఏమీ లేదు, నాకు తెలుసు. నేనూ అందరితో కలిసి నవ్వాను. కడుపు మాత్రం భగ్గున మండింది.

ఆ సాయంత్రమే ఆట. చివరి సీనులో పెద్దాయన ఆగిపోయాడు. టక్, టక్.

నా వేలు ఆ లైను మీదే ఉంది. పెదవి కదిపితే చాలు. ఐదు లెక్కపెట్టి చెబుదాం, అంతలో కొంపేం మునగదు, కాస్త తెలిసిరావాలి అనుకున్నాను. మనసులోనే లెక్కపెట్టాను. ఒకటి, రెండు. మూడు దగ్గర మళ్లీ కొట్టాడు, ఇంకాస్త గట్టిగా. నాలుగు దగ్గర నా వైపు తిరిగాడు. ఆ చూపు గురించి నేను రాయలేను. ఐదు అనుకునేసరికి వెనక వరుసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. అప్పుడు అందించాను. ఆ గోలలో నా మాట నాకే వినపడలేదు.

మేకప్ గదిలో పెద్దాయన కిరీటం తీయకుండా కూర్చున్నాడు. నన్ను చూసి, "నీకు వినపడి ఉండదులే. నేనే మెల్లిగా కొట్టాను" అన్నాడు.

"అవునండీ" అన్నాను. ఛీ, నా నోరు పడిపోనూ! అవునన్నాను.

తొమ్మిదో రోజు నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత ఆయన కూతురు నన్ను పక్కకు పిలిచింది. "బాబాయ్, నాన్న చివరిదాకా 'మడమ కొట్టాను, మడమ కొట్టాను' అని కలవరించాడు. ఏమిటది?" సైగ సంగతి చెప్పాను. చెప్పి ఊరుకున్నానా? "ఆ రోజు కొట్టలేదమ్మా. పాపం, అదీ మర్చిపోయాడు" అన్నాను. చచ్చినవాడి మీదకి తోసేశాను. ఆ పిల్ల నమ్మి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఏడాది తిరిగాక మళ్లీ అదే నాటకం. రాజు వేషం నాకిచ్చారు. మాటలన్నీ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మరి. నా స్టూలు మీద ఆయన కూతురు కూర్చుంది. "మనమూ అదే సైగ పెట్టుకుందాం బాబాయ్" అంది.

ఆదివారం పగటి ఆట. రాజు వేషంలో ఆయన తొడుక్కునే కోటునే నా కొలతకు బిగించి కుట్టింది. రెండుసార్లు ఉతికానంది. అయినా మెడ దగ్గర లవంగం వాసన... నా భ్రమ అనుకున్నాను. చివరి సీను దాకా బాగానే నడిచింది. తమ్ముడి శవం తెచ్చి పెట్టారు. హాలు నిశ్శబ్దమైపోయింది. నేను నోరు తెరిచాను.

మాట లేదు.

ఇన్నేళ్లు నోట్లో నానిన మాట... లేదు. నేను కాలు కదపలేదు. ఒట్టు, కదపలేదు. కానీ నా మడమ కిందే... టక్, టక్.

పక్క తెర వైపు చూశాను. అమ్మాయి ముందుకు వంగి అందిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. లవంగం వాసన గుప్పుమంది. నా చెవి పక్కనే, మెల్లిగా...

"ఒకటి..."

ఆ లెక్క నా మనసులోది. ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ!

"రెండు..."

ఈసారి నేనే మడమ కొట్టాను. పిచ్చివాడిలా కొట్టాను.

"మూడు... నాలుగు..."

చెవిలో నిండిన నీళ్లు బయటికి పోయినట్టు ఒక్కసారిగా అమ్మాయి గొంతు వినపడింది. అందుకున్నాను. "కోట తలుపు వేయించింది నేనే. ఈ తప్పు నాదే." తెర పడింది. చప్పట్లే చప్పట్లు. డైరెక్టరు నన్ను కావలించుకుని, "ఆ మౌనం చూడు, అదీ నటనంటే!" అన్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అందరూ వెళ్లిపోయారు. హాలుకు తాళం పడింది. మేకప్ గదిలో నేనూ అమ్మాయీ మిగిలాం. కాళ్లు రెండూ ఎత్తి ఎదుటి కుర్చీ మీద పెట్టుకున్నాను.

"మూడుసార్లు అందించాను బాబాయ్. వినపడలేదా?"

ఇక దాచలేననిపించింది. "అమ్మాయ్, ఆ రోజు మీ నాన్న..." అన్నాను. ఎంత ప్రయత్నించినా తర్వాతి మాట రాదు.

గోడ అవతల, ఖాళీ స్టేజీ మీద... టక్, టక్.

ఇద్దరం ఆ గోడ వైపు తిరిగాం. నా కాళ్లు కుర్చీ మీదే ఉన్నాయి. అమ్మాయి ఆ కాళ్లను చూసింది. చప్పుడు వినగానే మాట అందించాలి, ప్రాంప్టర్ పని అదే. ఆ పిల్ల తెల్లబోయిన ముఖంతోనే నా చెవి దగ్గరకు వంగి, మెల్లిగా అందించింది.

"ఈ తప్పు నాదే."

ఆనాడు నేను చెయ్యని పని అది. నాకు ఏడుపు ఆగలేదు. "ఈ తప్పు నాదేనమ్మా" అన్నాను. అంతా చెప్పేశాను. మీ నాన్న కొట్టాడు, రెండుసార్లు కొట్టాడు, విన్నాను, వినీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, నీకు అబద్ధం చెప్పాను, అన్నీ.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కోటు మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఎంతదాకా లెక్కపెట్టారు?" అని అడిగింది.

"ఐదు."

ఆమె మళ్లీ గోడ వైపు చూసింది. చెయ్యి కోటును గట్టిగా పట్టుకుంది.

"ఇందాక ఆటలో ఆ లెక్క నాకూ వినపడింది బాబాయ్," అంది. "కానీ నాన్న గొంతు నాలుగు దగ్గరే ఆగిపోయింది."