కుడి చేతిలో ఏముంది?

కుర్యోంగ్‌పో రేవులో పొద్దుటి నుంచీ ముసురు. వంటింట్లో కూర్చుని ఎండు స్క్విడ్ చేపలు చీలుస్తూ, మా వెబ్‌సైట్‌లో ఎవరో పడేసిన జూదం ప్రకటనలు చెరిపేస్తున్నాను. రెండింటికీ ఒకే కంపు.

మూడేళ్ల కిందట తొమ్మిది మందితో మునిగిపోయిన స్క్విడ్ వేట పడవలోని వాళ్ల కుటుంబాల వెబ్‌సైట్ ఇది. ఒడ్డుకు ఏది కొట్టుకొచ్చినా చూసినవాళ్లు ఇందులోనే రాస్తారు. మొన్న ఒక జాలరి లైఫ్ జాకెట్ ఫోటో పెట్టాడు. దాని మీద నా మొగుడు సంగ్‌వన్ పేరుంది. దొంగ పేర్లతో చేరిన వెధవలు కుమ్మరించిన నాలుగొందల ప్రకటనల కింద అది పడిపోయింది. మేం చూసేసరికి జాకెట్‌ను కెరటం తిరిగి లాక్కుపోయింది. వాళ్ల చేతులు పడిపోను!

ఆ మంటతోనే, కొత్తగా చేరేవాళ్లను అడిగే ప్రశ్న మార్చేశాను. "చివరి రోజు వెళ్తున్నప్పుడు సంగ్‌వన్ కుడి చేతిలో ఏముంది?"

జవాబు నాకే తెలీదు. ముందు రాత్రి గొడవపడి, ఆయన వెళ్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను. పోయాక కూడా కోపం చావక, తలుపుకున్న అంకెల తాళానికి పెళ్లి తేదీగా ఉన్న నంబరు మార్చేశాను.

వెబ్‌సైట్‌ను నాతోపాటు చూసుకునే హేసున్ ఫోన్ చేసింది. "ఇదేం ప్రశ్న అక్కా! సముద్రపు రాజే పైకొచ్చినా చేరలేడు."

"చేరకూడదనే పెట్టాను. పెట్టెయ్ ఫోన్."

పెట్టేసిందో లేదో, ఒక దరఖాస్తు వచ్చింది. పేరు లేదు. జవాబు మాత్రం ఉంది.

"నీ నీలం కోటు గుండీ. గొడవలో ఊడింది. నువ్వు చూడలేదు."

ఒళ్లు మండిపోయింది. చచ్చినవాడితో ఆటలా? శాశ్వతంగా వెలివేసే మీట నొక్కాను. అబద్ధమని తేల్చుకుందామని బీరువా తీశాను. మూడేళ్లుగా ముట్టని కోటు...

మూడే గుండీలు. నాలుగోది ఊడిన చోట దారం తడిగా ఉంది. వేలు నాలుకకి ఆనించాను. ఉప్పు.

పరుగెత్తుకెళ్లి చూస్తే దరఖాస్తు లేదు. నేనే గెంటేశాను. పాడు కోపం!

అప్పుడు... వీధి తలుపు తాళం మీద ఎవరో అంకెలు నొక్కారు. మూడు గబగబా, ఆగి ఒకటి. ఆయన నొక్కే తీరే. నంబరు తప్పని తాళం కూసింది. మళ్లీ నొక్కారు... మళ్లీ కూత.

"నువ్వేనా?" తలుపు దగ్గరికెళ్లి అడిగాను.

మళ్లీ అవే అంకెలు, మళ్లీ కూత. ఇక ఏ ప్రశ్నా అడగదలచుకోలేదు. తలుపుకి నోరానించి, కొత్త నంబరు గుసగుసగా చెప్పాను.

తాళం తెరుచుకుంది. భయంతో కళ్లు మూసుకున్నాను. గుమ్మంలో తడి రబ్బరు బూట్లు విప్పుతున్న చప్పుడు. ఒక జత. ఇంకో జత. లెక్కపెడుతున్నాను. తొమ్మిది... పది... పదకొండు...

పడవెక్కింది తొమ్మిది మందే.