బొటనవేలి వణుకు

సుదర్శన్‌ని చంపినవాళ్లు అతని చేతిలోంచి రిమోట్ తీసెయ్యడం మర్చిపోయారు.

ధర్మసాగర్ కట్ట కింద రాళ్ల మధ్య దొరికింది శవం. డ్రోన్ ఎగరేస్తూ వెనక్కి అడుగేసి జారిపడ్డాడని పోలీసులు రాసుకున్నారు. హైదరాబాద్‌లో, నేమ్ బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ కిషన్ రావు మాత్రం శవం ఫొటోలో ఆ రిమోట్ మీద వేలు పెట్టాడు.

"జారేటోడు రిమోట్ ఇడిసి రాళ్లు పట్టుకుంటడు. పడి మెడ విరగలే. విరిచినంక పడేసిన్రు" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న నుస్రత్ ఫొటోను తన వైపు తిప్పుకుంది. ఆమె, సుదర్శన్ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయ్యారు. ఏడ్వడానికి ఆ ఆఫీసులో చోటు లేదని ఇద్దరికీ మొదటి రోజే చెప్పారు.

"ఓరుగల్లు ఫ్లయర్స్. సరదాకు డ్రోన్లు ఎగరేసేవాళ్ల క్లబ్. నడిపేది తిరుమల్. సుదర్శన్ అందులో మెంబర్‌గా చేరిండు."

"ఎవరి కోసం సార్?"

కిషన్ రావు ఇంకో ఫొటో జరిపాడు. తెల్లగడ్డం, నీలికళ్ల విదేశీయుడు. "హ్యూగో. రామప్ప గుడి మీద డాక్యుమెంటరీ తీస్తున్నానని పాలంపేటలో మకాం పెట్టిండు. అసలు పని వేరు. ఊళ్ల తాగునీళ్లలో విషం కలుపుడు, ఆ భయాన్ని ప్రభుత్వాలకు అమ్ముకునుడు."

"టార్గెట్?"

"ధర్మసాగర్. వరంగల్ తాగేది ఆ నీళ్లే. ఆదివారం పొద్దున కట్ట మీద క్లబ్ మీట్. ఒక డ్రోన్ విషం డబ్బా మోస్తది. నీళ్లు తగిలితే మూత కరుగుతది. నేల మీద పడితే ఏం కాదు. ఏ డ్రోనో మాత్రం తెల్వదు."

"ముందే పట్టుకుంటే?"

"ఇంకో చెరువు చూసుకుంటరు. డబ్బా గాల్లోకి లేచినంకనే దొరకాలె."

"లోపల మనవాళ్లెవరు?"

"సుదర్శన్‌కు ముఠాలో ఒక సోర్స్ ఉండె. కోడ్ నేమ్ కోయిల. మనిషెవరో అతనికొక్కనికే తెలుసు. పాస్‌వర్డ్ నాకు చెప్పిండు, నీకు చెప్త." ఆయన లేచాడు. "నువ్వు సబియావు. నర్సంపేటలో పెళ్లి వీడియోలు తీస్తవు. కొత్తగ డ్రోన్ కొన్నవు. డౌట్లా?"

"ఒకటే సార్. నాకు డ్రోన్ ఎగరెయ్యరాదు."

"నేర్చుకో" అన్నాడు కిషన్ రావు.

నర్సంపేట బయట, పత్తి ఏరేసిన ఒక చేనులో నేర్చుకోవడం మొదలుపెట్టింది. నుస్రత్ పిరికిది కాదు. కదిలే రైలు మీంచి దూకింది, తనకు గురిపెట్టిన తుపాకీ ముందు నవ్వింది. అలాంటిది ఆ చిన్న యంత్రం రెక్కలు తిప్పుకుంటూ తలపైకి లేచేసరికి మెడ వంచి రెండడుగులు వెనక్కి వేసింది. రైలు మీంచి దూకితే విరిగేవి తన ఎముకలే. ఇది అలా కాదు. చేతులు ఇక్కడ, బరువు ఎక్కడో పైన. ఒక్క వేలు తప్పితే అది ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు.

బొటనవేళ్లు వణికాయి. ఆ వణుకు రిమోట్ స్టిక్స్ మీదుగా నేరుగా ఆకాశానికెక్కింది. డ్రోన్ చలిజ్వరం పట్టినట్టు అదిరింది, ఎడమకు ఒరిగింది, కంగారుగా కుడికి లాగితే ఇంకా ఎక్కువ ఒరిగి, పక్క చేనులో మేస్తున్న మేకల మధ్య కూలింది.

మేకలు చెల్లాచెదురయ్యాయి. వాటిని మేపుతున్న ముసలామె మొగిలమ్మ కర్ర పట్టుకొని వచ్చింది.

"ఏందే బిడ్డా, నా మ్యాకల మీద పడేస్తానవ్? గా చేతులేంది గట్ల వణుకుతానయ్, జరమొచ్చిందా?"

"భయమైతాంది అవ్వా."

"భయమైనప్పుడు ఎందుకెగరేసుడు?"

నుస్రత్ డ్రోన్ ఏరుకొని మళ్లీ ఎగరేసింది. రోజూ వచ్చింది. వణుకు పోలేదు. వణుకుతూనే అనుకున్న చోటికి తీసుకుపోవడం మాత్రం చేతికొచ్చింది.

శనివారం సాయంత్రం హన్మకొండలో క్లబ్ వాళ్లను కలిసింది. చెవి కమ్మలో ఇయర్‌పీస్, కళ్లజోడులో కెమెరా, డ్రోన్ ముక్కులో ఢీకొట్టడానికి స్టీలు పలక. తిరుమల్ తన ఎర్ర డ్రోన్‌ని ఆగి ఉన్న ఆటోలో ఒక పక్క నుంచి దూర్చి ఇంకో పక్క నుంచి తీశాడు. చెయ్యి రాయిలా ఉంది. మాటలు చెబుతూ, చాయ్ తాగేవాళ్ల వైపు చూస్తూ తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నీకు గూడ వస్తది చెల్లె, ఫికర్ చెయ్యకు" అన్నాడు నుస్రత్‌తో.

అప్పుడే ఒక తెల్ల కారు ఆగింది. దిగినామె పేరు భవాని. ట్రావెల్ వీడియోలతో ఊరూరా తెలిసిన మొహం. నెమలికంఠం రంగు చీర, నల్లకళ్లజోడు. ఆమె నడిచొస్తుంటే చాయ్ గ్లాసులు నోటి దగ్గరే ఆగిపోయాయి. హ్యూగో సినిమాకు లొకేషన్లు చూపించేది ఆమేనని తిరుమల్ పరిచయం చేశాడు. కాసేపటికి ఆమె నుస్రత్ పక్కకు చేరి ఆకాశం వైపు చూసింది.

"గాలి మంచిగనే ఉన్నది చెల్లె. మబ్బులే మాట వింటలేవు."

పాస్‌వర్డ్!

"మబ్బులనేం అడుగుతం అక్కా, గాలినే అడగాలె" అని జవాబిచ్చింది నుస్రత్.

భవాని పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది. "డబ్బా హ్యూగో తెల్ల డ్రోన్ల ఉంటది. మిగతాయన్నీ ఉత్తయే."

ఆమె వెళ్లాక నుస్రత్ కమ్మను తాకింది. "కోయిల దొరికింది సార్. తెల్లది."

ఇయర్‌పీస్‌లో కిషన్ రావు అడిగాడు. "ఆమె కోయిలనా, లేకుంటే చంపేముందు సుదర్శన్ నోట్లకెల్లి ఆ మాట గుంజుకున్నదా?"

"తెల్వదు సార్."

"నాకు గూడ తెల్వదు. ఇంకో దారి లేదు. టీమ్‌ను హ్యూగో చుట్టే పెడ్త."

ఆదివారం ఎండ మెత్తగా ఉంది. కట్ట పొడుగునా జనం. పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు. ఐస్‌క్రీమ్ వ్యాన్‌లో కూర్చున్నది కిషన్ రావు. ఆయన ముందు డ్రోన్ల సిగ్నల్ ఆపేసే జామర్ ఉంది కానీ దాన్ని నొక్కితే గాల్లో ఉన్న డ్రోన్లన్నీ ఆ పిల్లల మీదే కూలతాయి. కట్ట ఆ చివర హ్యూగో, అతని చుట్టూ చేపలవాళ్ల వేషంలో టీమ్. ఈ చివర నుస్రత్. తిరుమల్ జనం వెనక ఎక్కడో ఉన్నాడు.

విజిల్ మోగింది. డ్రోన్లు తేనెటీగల్లా లేచాయి.

నుస్రత్ కూడా లేపింది. అరచేతులు తడిసిపోయాయి. స్క్రీన్‌లో జనం తలలు చీమల్లా కనిపిస్తున్నాయి. ఈ చేతులతో ఇంతమంది మీదుగా ఎలా తీసుకుపోవడం? కళ్లు మూసుకోవాలనిపించింది.

"తెల్లది కదులుతాంది. నీళ్లు తోడే టవర్ దిక్కు పోతాంది" అన్నాడు కిషన్ రావు. "నీళ్ల మీదికి పోకముందే కొట్టు!"

తెల్ల డ్రోన్ గీత గీసినట్టు పోతోంది. నుస్రత్ దాని వెనక తిప్పబోయి, పక్కన ఏదో చూసి ఆగింది.

జనం మీదుగా, ఎవరూ పట్టించుకోని ఎత్తులో, ఎర్ర డ్రోన్ వస్తోంది. అది అదురుతోంది. ఎడమకు ఒరిగి, కంగారుగా సర్దుకొని, ఎక్కువై మళ్లీ కుడికి ఒరుగుతోంది. గాలి లేదు. మిగతావన్నీ నిలకడగానే ఉన్నాయి. ఆ అదురు నుస్రత్‌కు కొత్త కాదు. పత్తిచేనులో వారమంతా చూసింది.

ఆటోలోంచి డ్రోన్‌ని దూర్చిన మనిషికి ఇవాళ చేతులు ఎందుకు వణుకుతున్నాయి?

తను మోస్తున్నదేమిటో అతనికి తెలుసు కాబట్టి.

"సార్, తెల్లది కాదు. ఎర్రది."

"భవాని చెప్పింది గదా!"

"భవాని అబద్ధం చెప్పింది."

"నుస్రత్, తప్పయితే ఊరు..."

"తిరుమల్‌కు భయమైతాంది సార్. నాకు తెలుస్తాంది."

స్టిక్ తిప్పింది. జనం మీద కొడితే తలలు పగులుతాయి. నీళ్ల మీద కొడితే మూత కరుగుతుంది. జనానికీ నీళ్లకూ మధ్య రాళ్లు పరిచిన సన్నటి వాలు ఉంది. అక్కడే కొట్టాలి. ఎర్ర డ్రోన్ వాలు మీదికొచ్చింది. దాని కడుపు కింద కొక్కెం తెరుచుకోవడం స్క్రీన్‌లో కనిపించింది. నుస్రత్ బొటనవేళ్లు వణుకుతూనే స్టిక్స్‌ను చివరిదాకా తోశాయి.

టప్‌మని చప్పుడైంది. రెండూ రాళ్ల మీద కూలాయి. ఊడిన బూడిదరంగు డబ్బా వాలు వెంట నీళ్ల వైపు దొర్లింది.

నుస్రత్ రిమోట్ పడేసి పరుగెత్తింది. మోకాళ్లు చీరుకుపోయేలా రాళ్ల మీద పడి, కడ రాయి మీంచి జారబోతున్న డబ్బాను రెండు చేతులా ఒడిసిపట్టింది. చిన్న అల ఒకటి వచ్చి ఆమె వేళ్ల దాకా రాకుండానే వెనక్కి పోయింది.

డబ్బా టీమ్ చేతికందాక పైకొచ్చి చూస్తే, హ్యూగో చేపల వలలో ఉన్నాడు. తిరుమల్ రిమోట్ ఒళ్లో పెట్టుకొని నేల మీద కూర్చొని వెక్కుతున్నాడు. భవాని తెల్ల కారు తలుపు తీస్తోంది. నుస్రత్ ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు కోయిలవేనా?"

"మొదట్ల నిజంగనే కోయిలను" అంది భవాని. "హ్యూగోకు దొరికిపోయిన. చచ్చేది నువ్వా సుదర్శనా అన్నడు."

"సుదర్శన్ నిన్ను నమ్మిండు."

"నమ్మిండు గనుకనే కట్ట మీదికి ఒక్కడొచ్చిండు." భవాని నల్లకళ్లజోడు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నాకు భయమైంది చెల్లె. అంతే."

నుస్రత్ టీమ్‌కు సైగ చేసింది. బేడీలు వేస్తుంటే భవాని చేతులు వణకడం చూసి, మొహం తిప్పుకుంది. సుదర్శన్ తల్లికి నిజం చెప్పడానికి లేదు. జారిపడ్డాడనే చెప్పాలి. రూల్ అదే.

మర్నాడు కిషన్ రావు ఆమె ముందు పేపర్ జిల్లా పేజీ పరిచాడు. ఒక మూలన చిన్న వార్త. 'ధర్మసాగర్‌లో డ్రోన్లు ఢీ. చేతకాని మహిళ నిర్వాకం.'

"చేతకాని అని రాసిన్రు సార్" అంది నుస్రత్, చీరుకున్న మోకాలు రుద్దుకుంటూ.

"ఔ" అన్నాడు కిషన్ రావు పేపర్ మడుస్తూ. "వాళ్లు 'అనుభవం లేని' అని రాసిన్రు. గట్లయితే ఆ కొత్తామె ఎవరని ఆరా తీస్తరు. చేతకాని అంటే నవ్వి ఇడిసిపెడ్తరని నేనే దిద్దించిన."