హీటర్ మీద ఎర్ర చీటీ

"ఈ హీటర్ ఎవరూ వెలిగించకూడదు."

అంటూనే టెక్నీషియన్ గోడ పక్కనున్న గ్యాస్ హీటర్ మీద ఎర్ర చీటీ అంటించేశాడు. బుజ్జికి ఒళ్ళు మండిపోయింది.

"ఏవండీ, మిమ్మల్ని పిలిచింది ఏసీ కోసం. హీటర్ జోలికి వెళ్ళమని ఎవరన్నారు?"

పెద్దమ్మ గదిలోని పాత ఏసీ వేసవి చివర్లో మూలపడింది. కళ్ళజోళ్ళ షాపులో జనం కళ్ళు పరీక్షించే బుజ్జికి ఒక రోజు సెలవు దొరికేసరికి చలికాలం వచ్చేసింది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. తల్లి పోయినప్పటి నుంచీ బుజ్జిని పెంచింది పెద్దమ్మే. ఆవిడకి ఎండ పడదు, చలి అసలే పడదు.

"ఏసీ చల్లబరుస్తుందండీ, అంతే," అన్నాడు టెక్నీషియన్. "హీట్ పంప్ అయితే వేసవిలో గదిలో వేడిని బయటికి తోస్తుంది. చలికాలంలో బయటి వేడిని లోపలికి తెస్తుంది. అప్పుడీ హీటరే అక్కర్లేదు."

"బయట పళ్ళు టకటకలాడుతుంటే వేడెక్కడిదండీ? నా చెవిలో పువ్వు పెట్టకండి."

"చలిగాలిలోనూ కొంత వేడి ఉంటుందండీ. దాన్ని పోగుచేసి..."

"పొద్దున ఇంకో షాపాయన వచ్చాడు. మంచి ఏసీ చాలు, హీటర్ భేషుగ్గా ఉంది అన్నాడు."

"ఆయన పైకెక్కి పొగ గొట్టం చూశారా?"

"మీరు చూశారా?"

"నిచ్చెన తేలేదు," ఒప్పుకున్నాడతను. "కానీ మంట నీలంగా కాక పసుపుగా వస్తోంది. గోడంతా మసి. గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు."

"ఉండొచ్చు! అంటే మీకే తెలీదు. పాతదానికి పాడె కడితేగానీ కొత్తది అమ్ముడుపోదు కదా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కొలత టేపు చుట్టి సంచిలో పడేశాడు.

"సాయంత్రం నా గదిలో ఉన్న కరెంటు హీటర్ తెచ్చిస్తాను. అందాకా దీన్ని ముట్టుకోకండి."

"ఆ దయ కూడా బిల్లులో వేస్తారా?"

అతను సంచి భుజాన వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

"నోటికి కాస్త తాళం వేసుకోవే," అంది పెద్దమ్మ మంచం మీది నుంచి. "కుర్రాడు మంచివాడిలానే ఉన్నాడు. పాపం, నిన్ను చూస్తూ ఒకే కిటికీని మూడుసార్లు కొలిచాడు."

"కొలవడం రాక," అంది బుజ్జి. కానీ గొడుగు లేకుండా తడుస్తూ మలుపు తిరిగే దాకా అతన్నే చూసింది.

మధ్యాహ్నానికి వాన జోరందుకుంది. పెద్దమ్మ మూడు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. సాయంత్రం ఎప్పటికో! అసలతను వస్తాడని నమ్మకమేమిటి?

బుజ్జి ఎర్ర చీటీ చింపి హీటర్ వెలిగించింది. చలిగాలి రాకుండా కిటికీలన్నీ బిగించింది.

గది వెచ్చబడింది. పెద్దమ్మకి కునుకు పట్టింది. బుజ్జి పక్కనే కూర్చుని పుస్తకం తెరిచింది. కాసేపటికి కణతలు పోటెత్తాయి. నిద్ర చాలలేదేమో అనుకుంది. అక్షరాలు అలుక్కుపోయాయి.

"పెద్దమ్మా..."

పలుకు లేదు.

"పెద్దమ్మా!"

లేవబోయి కూలబడింది. అప్పుడే తలుపు మీద ఎవరో కొట్టారు. గోడ పట్టుకుని, పాకుతూ వెళ్ళి గడియ తీసింది.

ప్లాస్టిక్ సంచిలో చుట్టిన చిన్న హీటర్‌తో టెక్నీషియన్ నిలబడి ఉన్నాడు. ఆమె మొహం చూశాడు. ఊపిరి బిగబట్టి లోపలికి దూసుకెళ్ళి గ్యాస్ కట్టేశాడు, దొరికిన కిటికీ దొరికినట్టు తెరిచాడు. పెద్దమ్మని రెండు చేతులా ఎత్తుకుని బయట అరుగు మీదికి తెచ్చాడు.

"గట్టిగా ఊపిరి తీసుకోండి. కళ్ళు ముయ్యకండి. నా వైపు చూడండి!" అని బుజ్జి మీద అరుస్తూనే అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. బుజ్జి గంటలో తేరుకుంది. పెద్దమ్మ కళ్ళు తెరవలేదు.

"హీటర్ వదిలిన విషవాయువు. ఇంకొంచెం ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అన్నాడు డాక్టరు.

గది బయట బెంచీ మీద అతను తడి బట్టలతోనే కూర్చుని ఉన్నాడు. బుజ్జి ఎదురుగా నిలబడింది.

"చీటీ నేనే చింపాను," అంది.

చెప్పానుగా అంటాడని గుండె రాయి చేసుకుంది. అతను తల దించుకున్నాడు.

"తప్పు నాదీ ఉందండీ. అనుమానం వచ్చినప్పుడే గ్యాస్ కట్టేయాలి. వేరే హీటర్ తెప్పించేదాకా కదలకూడదు. మీ మాటకి పౌరుషం వచ్చి వెళ్ళిపోయాను."

బుజ్జికి అప్పుడు ఏడుపొచ్చింది. అతను ఏం చేయాలో తెలియక, రుమాలు ఇచ్చి, అదీ తడిసి ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

తెల్లవారాక పెద్దమ్మ కళ్ళు తెరిచింది. జరిగింది నర్సు చెప్పగా విని, బుజ్జి వైపు తిరిగింది.

"నన్ను ఆ చలిలో అరుగు మీద పడుకోబెట్టిన మహానుభావుడెవరే?"

ఆవిడ ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ అతను వచ్చాడు. మధ్యలో వాళ్ళింటికి వెళ్ళి, నిచ్చెనెక్కి పొగ గొట్టంలోంచి ఒక పక్షి గూడూ, బుట్టెడు ఎండుటాకులూ తీశాడు. వాళ్ళు ఇంటికి చేరాక మాత్రం మళ్ళీ కనబడలేదు. బుజ్జే ఫోన్ చేసింది.

"హీట్ పంప్ పెట్టేయండి."

"పెట్టనండీ."

"ఏం?"

"ప్రాణం కాపాడాననే మొహమాటంతో కొంటున్నారు. ఏసీ కొని, చలికి మంచి కరెంటు హీటర్ పెట్టుకున్నా ప్రమాదం లేదు. ఆలోచించుకోండి."

మర్నాడు బుజ్జి నోట్‌బుక్ పట్టుకుని అతని షాపుకే వెళ్ళింది. కౌంటర్ దగ్గర కుర్చీ లాక్కుంది.

"చలి ముదిరితే పనిచేస్తుందా?"

"ఇక్కడి చలికి చేస్తుంది. మరీ గడ్డకట్టే రోజుల్లో బలం కొంచెం తగ్గుతుంది."

"మోత?"

"బయటి పెట్టె మోగుతుంది. అందుకే పెద్దమ్మగారి కిటికీ కింద కాకుండా వెనక గోడకి బిగించాలి."

"కరెంటు?"

"కరెంటు హీటర్ కన్నా చాలా తక్కువ తాగుతుంది. కొనేటప్పుడు మాత్రం ఏసీ కన్నా ఖరీదెక్కువ."

"మరి ఏసీ ఎవరికి మేలు?"

"చలి నాలుగు రోజులుండి పోయేవాళ్ళకి."

బుజ్జి నోట్‌బుక్ మూసింది. "మాకు ఏడాదిలో సగం చలే. పెద్దమ్మ రోజంతా ఉండేది ఆ గదిలోనే. హీట్ పంపే కావాలి. ఇందులో మొహమాటం లేదు."

"సరేనండీ," అన్నాడు, రసీదు పుస్తకం కోసం వెతుకుతూ.

"మీరెందుకు రావడం మానేశారు?"

అతని చేయి ఆగిపోయింది.

"ఆసుపత్రిలో నన్ను చూసి నవ్వేవారు," అన్నాడు. "అది కృతజ్ఞతో, ఇంకేమైనానో తేల్చుకోలేకపోయాను. అడిగితే మీరు కాదనలేరు. అందుకని అడగలేదు."

బుజ్జి చూపు తిప్పుకోలేదు.

"రెండూనండీ. మొదటిది ఎప్పటికైనా తీర్చుకుంటాను. రెండోది తీరేలా లేదు."

అతను వెతుకుతున్న రసీదు పుస్తకం కిందపడింది. ఇద్దరూ ఒకేసారి వంగారు. తలలు ఢీకొన్నాయి.

ఆదివారం బిగింపు పూర్తయింది. గదిలోకి మెల్లగా వెచ్చటి గాలి వచ్చింది. పెద్దమ్మ అరచేతులు చాచి వెచ్చబెట్టుకుంది. తలుపు దగ్గర ఇద్దరూ పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా ఉన్నారు.

"ఏడాదికోసారి సర్వీసుకి వస్తానండీ, పెద్దమ్మగారూ," అన్నాడతను.

"ఏడాదికోసారా?" ఆవిడ బుజ్జి మొహం కేసి చూసింది. "అంతవరకు ఇది ఆగేలా లేదు నాయనా. రేపే మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా. నేను మాట్లాడతాను."

బుజ్జి వంటింట్లోకి పరిగెత్తింది. అతను ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

"చూస్తావేం? వెళ్ళు," అంది పెద్దమ్మ.