నీళ్ళు కడిగిన హంతకుడు

1971 అక్టోబరు. ఉదయం 8.10. ఓజియా పట్టణంలో షిబుయా కొజిరో ఇంటి పెరడు.

కొజిరో కొలను గట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం నుజ్జునుజ్జయింది. ఒకటి కాదు, ఏడు దెబ్బలు. మొదటి దెబ్బకే పోయిన మనిషిని ఇంకో ఆరు కొట్టాడంటే వాడికి ఎంత కడుపుమంటో! పక్కనే మూడడుగుల ఇనప రాడ్డు. కొలను అడుగున ఉన్న వాల్వ్ తిప్పే రాడ్డు అది. దానికి జుట్టు అంటుకుని ఉంది.

కొలను కట్టి నెలన్నర. రంగురంగుల పెంపుడు కోయి చేపలు ఐదు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి.

వాటికంటే ఎక్కువగా కొట్టుకుంటున్నాడు ఒక మనిషి, ఇద్దరు కానిస్టేబుళ్ళ కింద. వాడి చొక్కా నిండా రక్తం.

"వదలండి నన్ను! ఆ అరలో సీసా ఉంది, హైపో! ఆ పలుకులు నీళ్ళలో వెయ్యండి! చచ్చిపోతున్నాయి సార్!"

"శవం దగ్గర ఏదీ ముట్టుకోకూడదు. నోర్ముయ్!"

అన్నది ఇన్‌స్పెక్టర్ కజామా. తనే వాడి వీపు మీద మోకాలు పెట్టి బేడీలు వేశాడు.

పదకొండు గంటలకల్లా ఐదు చేపలూ వెల్లకిలా తేలాయి.

బేడీలు పడ్డవాడు మికామి తదాయిచి. ఆ కొలను కట్టిన మేస్త్రీ. 7.40కి పనికొచ్చాననీ, శవాన్ని చూసి బతికున్నాడేమోనని లేపబోయాననీ, పోలీసులకు కబురు చేసి తిరిగొచ్చాకే చేపల్ని చూశాననీ అతని మాట. పోలీస్ సూపరింటెండెంట్‌కి ఆ మాట మింగుడు పడలేదు. ముందురోజే తదాయిచి, కొజిరో ఇద్దరూ వీధి వీధంతా వినేలా తిట్టుకున్నారు. ఫిల్టర్ తొట్టి ఇంకా పెద్దది కావాలని మేస్త్రీ. ఆ చోట రాతి దీపం పెట్టాలని యజమాని.

"నాలుగింటికి ప్రాసిక్యూటర్ దగ్గరికి పంపించెయ్ కజామా. ఇందులో ఆలోచించడానికి ఏముందయ్యా?"

ఉంది. కజామాకి అదే పంటి కింద రాయిలా తగులుతోంది.

ఫిల్టర్ తొట్టిలో మడ్డిని పట్టే బ్రష్‌లు పైకి తీసి, శుభ్రంగా కడిగి, గట్టు మీద వరసగా ఆరబెట్టి ఉన్నాయి. కొలను సగానికి పైగా ఖాళీ చేసిన తడి గీత గోడ మీద కనిపిస్తోంది. మళ్ళీ నింపారు. పోలీసులు వచ్చేటప్పటికి పంపుకు తగిలించిన గొట్టం లోంచి నీళ్ళు ఇంకా పోతూనే ఉన్నాయి. రాడ్డు మీద రక్తం మాత్రం అలాగే ఉంది. గట్టు మీద రక్తమూ అలాగే ఉంది.

హంతకుడు ఆయుధం కడగలేదు. నీళ్ళు కడిగాడు. ఎందుకు?

ఒంటి గంటకు పోలీస్ స్టేషన్‌కి కొజిరో తమ్ముడు హిదెయో వచ్చాడు. రావడం రావడమే తదాయిచి మూతి మీద గుద్దాడు. ఒక పన్ను ఊడి నేల మీద పడింది. కజామా అతన్ని మెడ పట్టి కుర్చీలో కుదేశాడు.

"హత్య జరిగిన వేళ, పొద్దున ఆరున్నరకి ఎక్కడున్నారు?"

"పడుకున్నాను."

"చూసినవాళ్ళు?"

"పడుకున్నవాణ్ణి కూర్చుని చూసేవాళ్ళు ఎవరుంటారండీ!"

"కొలనంటే మీకు పడదట."

"అమ్మ పెంచిన చెట్టు కొట్టేసి ఆ గొయ్యి తవ్వించాడు. పడక చావాలా? ఆ చేపలు చచ్చాయంటే నాకు సంతోషమే."

తర్వాత వచ్చింది గెంపాచి. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. కొండ మీది ఊళ్ళో కోయి చేపలు పెంచుతాడు. ఆ ఐదూ ఆయన పెంచినవే.

"పొద్దున ఎక్కడున్నారు తాతా?"

"మా చెరువుల్లోనే బాబూ. చలికాలం ముంచుకొస్తోంది, చేపల్ని పైకి తియ్యాలి కదా. నడుము విరిగిపోతోంది." ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "నా తల్లులు పోయాయటగా? కొత్త సిమెంటు నీళ్ళలోకి విషం వదులుతుంది. ఇంకో నాలుగు నెలలు ఆగమని మొత్తుకున్నాను. విన్నాడా ఆ పెద్దమనిషి?"

కానిస్టేబుల్ టీ తెచ్చాడు. కజామా ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏంట్రా ఇది? మందు వాసన."

"టౌను పంపు నీళ్ళు సార్. తుపాను వెలిసిన దగ్గర్నించీ క్లోరిన్ బాగా దంచుతున్నారు."

కజామా కప్పు కింద పెట్టాడు. "బజార్లో బతికున్న కోయి ఒకటి పట్టుకురా. ఒక తొట్టి కూడా. మూడింటికి అందరూ ఆ పెరట్లో ఉండాలి" అన్నాడు.

3.05. పెరడు. గేటు దగ్గర తదాయిచి భార్య సయో పొద్దుటినించీ అన్నం డబ్బా పట్టుకుని నిలబడే ఉంది. నాలుగైతే మొగుణ్ణి తీసుకుపోతారు. ఇక ఎప్పుడు చూస్తుందో, అసలు చూస్తుందో లేదో! కజామాకి ఆమె వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

కానిస్టేబుల్ బకెట్టులోని చేపను ఖాళీ తొట్టిలోకి వంపాడు. అరచెయ్యి లోతు నీళ్ళు కూడా లేవు. చేప టపటపా కొట్టుకుంది.

"ఎవరైనా నీళ్ళు పట్టండి!" కజామా అరిచాడు.

హిదెయో చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు.

గెంపాచి ఒక్క ఉరుకులో వెళ్ళి గొట్టం అందుకుని తొట్టిలో పెట్టాడు.

"వద్దు తాతా! ముందు హైపో!" బేడీల చేతులెత్తి తదాయిచి కేకేశాడు. "విషం అది!"

"విషమేంట్రా, నీళ్ళు!" అన్నాడు గెంపాచి.

కజామా నెమ్మదిగా దగ్గరికి వచ్చి కుళాయి కట్టేశాడు.

"పొద్దున కూడా ఇలాగే పట్టారు కదా తాతా."

ముసలాయన గొట్టం వదల్లేదు.

"హిదెయో గారు చంపి ఉంటే చేపల సంగతి పట్టించుకునేవారు కాదు. తదాయిచి చంపి ఉంటే నీళ్ళు మార్చేవాడే, కానీ హైపో వెయ్యకుండా చుక్క పొయ్యడు. ఆ కొత్త సీసా మూత సీలు కూడా తీయలేదు. చేపల మీద ప్రాణం పెట్టుకున్నవాడు, ఊటనీళ్ళు తప్ప పంపు నీళ్ళు ఎరగనివాడు ఒక్కడే ఉన్నాడు."

గెంపాచి తొట్టిలోని చేప వైపు చూస్తూ చెప్పాడు.

"ఒకదాని పొట్ట మీద ఎర్రటి చారలు లేచాయి బాబూ. ఈ నీళ్ళు పడటం లేదు, తీసుకుపోతానని కాళ్ళు పట్టుకున్నాను. 'చస్తే ఇంకోటి కొంటాలే ముసలోడా' అని నవ్వాడు. రాడ్డు అక్కడే ఉంది. నవ్వు ఆగేదాకా కొట్టాను." ఆయన కొలను వైపు తిరిగాడు. "వాడి రక్తం నా తల్లుల మొప్పల్లోకి పోతుంటే చూస్తూ ఊరుకోనా? మడ్డంతా వదిలేశాను. బ్రష్‌లు కడిగాను. మంచి నీళ్ళు పట్టాను."

"టౌను నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది తాతా. మొప్పల్ని కాల్చేస్తుంది. హైపో దాన్ని విరిచేస్తుంది."

గెంపాచి చేతిలోని గొట్టం వైపు చూశాడు. తదాయిచి వైపు తిరిగాడు.

"అయితే సిమెంటు కాదా?"

"కాదు తాతా. నెల రోజులు నానబెట్టి కడిగాను" అన్నాడు తదాయిచి. పన్ను పోయిన చోట ఇంకా రక్తం కారుతోంది. "ఫిల్టర్ చాల్లేదు, చారలు అందుకే. కానీ అంతమాత్రానికి ఇవాళ చచ్చేవి కావు."

ముసలాయన కేక పెట్టాడు. మనిషిని చంపినందుకు కాదు. అమాంతం కూలబడి, గొట్టం పట్టిన కుడి చేతిని గట్టు రాయికేసి కొట్టుకున్నాడు. ఇంకోసారి, మరోసారి. వేళ్ళ ఎముకలు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ముగ్గురు కానిస్టేబుళ్ళు మీద పడితే గానీ ఆగలేదు.

కజామా తదాయిచి బేడీలు విప్పాడు. పొద్దున ఎనిమిదింటికి ఇతని మాట విని ఉంటే ఆ ఐదూ ఇప్పుడు ఈదుతుండేవి. "తప్పయింది" అన్నాడు.

తదాయిచి భార్య వైపు వెళ్ళలేదు. తిన్నగా అర దగ్గరికి నడిచి, సీసా సీలు పంటితో లాగి, నాలుగు పలుకులు తొట్టిలో వేశాడు.

ఈసారి అతన్నెవరూ ఆపలేదు. కాసేపటికి చేప నోరు మూసుకుని నీటి అడుక్కి దిగింది.