ఎర్ర జుట్టువాడు, నల్ల కుక్క

లాకీని చూసిన మొదటి రోజే నా కూతురు వాణ్ని గాడిద అంది. పెళ్లిళ్లు ఇలాగే మొదలవుతాయి.

నా పేరు మర్డో. ఈ లోయలో గొర్రెలు పెంచుతాను. నా భార్య జెస్సీ పోయాక ఇంట్లో దువ్వెనకు పని లేకుండా పోయింది. నాకు జుట్టు లేదు. మా కుక్క ఫెర్గస్‌కు మూరెడు నల్ల బొచ్చు ఉంది గాని, దాన్ని దువ్వే మనిషి ఆవిడే.

డిసెంబరులో లాకీ చలికాలం పనికి కుదిరాడు. వాడిది దక్షిణాన ఏదో ఉన్ని మిల్లుల ఊరు. వాళ్లింట్లో తరతరాలుగా ఉన్నిని వేడి సబ్బునీళ్లలో రుద్ది, ముద్ద కట్టించి, టోపీలు చేస్తారు. వాడికి మాత్రం టోపీ అవసరం లేదు. తలకు నిప్పంటుకున్నట్టే ఉంటుంది, అంత ఎరుపు.

వాడు వచ్చిన రోజే మంచు కురిసింది. ఫెర్గస్ కొండ దిగి వచ్చింది. కాళ్లకూ పొట్టకూ నిమ్మకాయలంత మంచు ఉండలు వేలాడుతున్నాయి. లాకీకి జాలి వేసింది. జాలి పనికిమాలినది. వంటింట్లోకి తీసుకుపోయి వేడినీళ్లు, సబ్బు పెట్టి, పుట్టినప్పటినుంచి అలవాటైన పని చేశాడు. గుండ్రంగా, గట్టిగా, ఓపిగ్గా రుద్దాడు.

నా కూతురు మోర్నా పాలడబ్బాతో లోపలికి వచ్చింది.

"ఎవడ్రా నువ్వు? మా కుక్కనేం చేశావ్?"

"స్నానం చేయించానండీ."

"పొట్ట ముట్టుకుని చూడు. ఇది కుక్కా, టోపీయా?"

లాకీ ముట్టుకున్నాడు. బొచ్చంతా ముద్దకట్టి అట్టలా ఉంది. "టోపీయేనండీ. మంచి రకం."

"గాడిదా!"

"గొరిగేద్దాం," అన్నాను.

"గొరిగితే ఈ మంచులో ఫెర్గస్ కొండెక్కుతాడా నాన్నా? బిగుసుకుని చస్తాడు. గొర్రెల్ని నువ్వు మొరిగి దించుతావా?"

అదీ నిజమే. లాకీ వైపు తిరిగాను. "కొత్త సంవత్సరంలోపు ఆ బొచ్చు విడదీయి. లేకపోతే బస్సెక్కు. అప్పటిదాకా గొడ్లపాకలో పడుకో. నా గడప తొక్కకు."

"ఆ తర్వాత తొక్కొచ్చా పెద్దాయనా?"

"నీ తలను బట్టి తొక్కకపోతేనే మంచిది."

మా దగ్గర జనవరి ఒకటిన గడప దాటే తొలి అడుగు నల్ల జుట్టు మగవాడిది కావాలి. చేతిలో బొగ్గు ఉండాలి. ఎర్ర జుట్టువాడు ముందు దాటితే ఆ ఏడు నాశనమే. ఒకసారి ఎర్ర జుట్టు పోస్ట్‌మాన్ ముందు దాటాడు. ఆ ఏడే జెస్సీ పోయింది. వాడితో నేను ఇప్పటికీ మాట్లాడను.

లాకీకి అన్నం మోర్నా పట్టుకెళ్లేది. మొదట్లో విసిరేసి వచ్చేది. తర్వాత తిరిగి రావడం మానేసింది. ఎండుగడ్డి వంకతో నేనూ వెళ్లాను. కుక్కకు అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చున్నారు.

"కత్తెర తెచ్చా. కోసిపారెయ్," అంది మోర్నా.

"వద్దండీ. ముడిని వేళ్లతో చీల్చి, కొసల నుంచి దువ్వుకుంటూ రావాలి. మీరు మొదలు దగ్గర పట్టుకోండి, వాడికి నొప్పి తగలకుండా."

"ఇంత తెలిసినవాడివి ఎందుకు రుద్దావ్?"

"చేతులకు బుర్ర లేదండీ."

"బుర్రకుందా?"

వాడు నవ్వాడు. "తడిసిన బొచ్చును రుద్దకూడదు. గోరువెచ్చని నీళ్లతో మంచు కరగనిచ్చి, తువ్వాలుతో అద్దాలి. ఆరాక చర్మందాకా దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో."

"మా అమ్మ అలాగే చేసేది. బయటికి పంపేముందు వేళ్ల మధ్య బొచ్చు కత్తిరించి, కాళ్లకు గొర్రెకొవ్వు పూసేది. మంచు అంటేది కాదు."

"మీ అమ్మగారు నన్ను చూస్తే ఏమనేవారు?"

"గాడిదా అనేది."

"అయితే మీకు వంశపారంపర్యం."

కుక్క పొట్ట కింద ఇద్దరి చేతులూ తగిలాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఫెర్గస్ నా వైపు దీనంగా చూసింది. గడ్డి అక్కడే పడేసి వచ్చాను.

క్రిస్మస్‌కే ముడులన్నీ విడిపోయాయి. దువ్వడం మాత్రం ఆగలేదు. ఒక కుక్కకు అంత దువ్వడం అక్కర్లేదు.

"నాన్నా, ఇక లాకీని లోపలికి రానివ్వు," అంది మోర్నా.

"ముందు నల్ల తల రావాలి. పక్క పొలం శాండీ ఏటా వస్తాడుగా, వాడు దాటాక చూద్దాం. ఇంకోటి. ఫెర్గస్ కొండకు వెళ్లి ఒక్క మంచు ఉండ లేకుండా తిరిగి రావాలి. ఉంటే నీ టోపీలవాడు బస్సెక్కుతాడు."

జనవరి ఒకటి. దారి మూసుకుపోయింది. శాండీ రాలేదు. కొండ మీద రాతిగోడ పక్కన గొర్రెలు మంచులో ఇరుక్కున్నాయి. లాకీ, ఫెర్గస్ తెల్లవారాక వెళ్లారు. మధ్యాహ్నానికి మంద దొడ్లో ఉంది. లాకీ గడప బయట వణుకుతూ ఉన్నాడు.

"లోపలికి రా," అంది మోర్నా.

"రాలేనండీ. పెద్దాయన మాట."

"నాన్నా, చూడు! మంచు పడి జుట్టు తెల్లగా ఉంది!"

"కరుగుతుంది."

మోర్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గొడ్లపాక పొయ్యిలోది కాబోలు, లాకీ జేబులోంచి బొగ్గుముక్క తీశాడు. వంగి ఫెర్గస్ నోటికిచ్చాడు. "పదవయ్యా. నీ పరువే నా పరువు."

ఫెర్గస్ గడప దాటింది. బొగ్గు నా చెప్పు మీద పెట్టింది.

మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. పొట్ట, చంకలు, చెవుల వెనక, వేళ్ల సందులు. కొవ్వు వాసన తప్ప ఏమీ దొరకలేదు. జెస్సీ చేతిలోంచి వచ్చినట్టే ఉంది.

"నలుపు," అంది మోర్నా. "మగవాడు. బొగ్గు తెచ్చాడు. రెండు కాళ్లే ఉండాలని ఎవరన్నారు నాన్నా?"

ఎవరూ అనలేదు. తొలి అతిథికి విస్కీ పోయడం మర్యాద. పోశాను. ఫెర్గస్ వాసన చూసి తుమ్మింది. ఆ గ్లాసే గడప అవతలికి చాచాను.

"రెండో అడుగుకు జుట్టు పట్టింపు లేదు. రా. మంచు దులుపుకుని రా, కుక్కే శుభ్రంగా వచ్చింది."

లాకీ లోపలికి వచ్చి గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. "పెద్దాయనా, మిమ్మల్ని ఒక మాట అడగాలి. మోర్నా, నేనూ..."

"తెలుసురా. నాకు లేనిది జుట్టే. కళ్లున్నాయి."