లోపలి దొంగకు సలాం

“మీ బావ దేశద్రోహి,” అన్నాడు చీఫ్, టీ చల్లారిపోయిందన్నంత తేలిగ్గా.

ముంగిస కుర్చీలోంచి దిగ్గున లేచాడు. డిపార్ట్‌మెంట్‌లో అతనికా మారుపేరు ఊరికే రాలేదు. పట్టు పడితే వదలడు. ఇప్పుడు మాత్రం పట్టుకోవాలనిపించింది చీఫ్ పీకనే.

“కూర్చో. ఇది బ్రీఫింగ్. చుట్టరికం బయట పెట్టి రా.”

ముంగిస అక్క మొగుడు ఆనకట్ట గేట్ల కంట్రోల్ సిస్టమ్ డిజైన్ చేసే ఇంజనీరు. ఇంట్లో కంప్యూటర్ మీదే పని. ఆ డిజైన్ ముక్కలు ముక్కలుగా ఒక విదేశీ ముఠాకు చేరుతోంది. ఆ ముఠాకు ఆఫీసు పెట్టిన కోడ్ పేరు ‘చెద’. రోజూ సాయంత్రం నాలుగు కాగానే ఒక ముక్క మాయమవుతుంది. ఇక మిగిలింది ఆఖరిది. అదీ దాటిపోతే గేట్ల తాళాలు చెద చేతిలో పడ్డట్టే. దిగువ ఊళ్ళకు ఇక దేవుడే దిక్కు.

“ఆ ఇంట్లో మన హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ ఉంది,” అన్నాడు చీఫ్. “ఉక్కు పెట్టె. బయటి లైనుకీ కంప్యూటర్‌కీ మధ్య కాపలా. రికార్డంతా చూశాం, బయటినుంచి చీమ కూడా దూరలేదు. అంటే పంపింది మీ బావే. సాయంత్రం అరెస్ట్.”

“లైను పీకేస్తే పోదా?”

“పీకితే దొంగ దాక్కుంటాడు. మీ బావ మీద మచ్చ మాత్రం ఉండిపోతుంది. దొంగ వెళ్తూ వెళ్తూ దొరకాలి. నాలుగింటిదాకా టైమిస్తున్నా. మైనాని తోడు తీసుకెళ్ళు.”

మైనా డిపార్ట్‌మెంట్ టెక్నికల్ ఆఫీసర్. ఆమె నడిచొస్తే గుమాస్తాలు ఫైళ్ళు తలకిందులుగా పట్టుకుని చదువుతారు. నవ్వితే సరిగ్గా పట్టుకున్నవాళ్ళు కూడా కింద పడేస్తారు. ముంగిసకు ఆ రోజు ఆ నవ్వు కనపడలేదు. అతని కళ్ళ నిండా కోపమే.

ఆ ఇంటిమీద చెద కన్నుంటుంది కనుక అతను ఫ్రిజ్ మెకానిక్ వేషం కట్టాడు. నూనె మరకల చొక్కా, పనిముట్ల సంచి, గుబురు మీసం. మైనా మెకానిక్ కంపెనీ సూపర్‌వైజర్. తలుపు తట్టి, ఆఫీసు ముందే చెప్పి ఉంచిన కోడ్ మాట వదిలాడు.

“ఫ్రిజ్ శబ్దం చేస్తోందాండీ?”

‘శబ్దం కాదు, నీళ్ళు కారుతోంది’ అనాలి అక్క. అక్క నడుం మీద చేయి పెట్టుకుంది.

“శబ్దం నీ బుర్రలో వస్తోంది. లోపలికి తగలడు. ఆ మీసం ఒక పక్క ఊడిపోయింది, చూసుకోలేదా?”

గదిలో బావ కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోడకు ఉక్కు పెట్టె పచ్చలైట్లతో మిణుకు మిణుకుమంటోంది.

“నువ్వూ నమ్ముతున్నావా, బామ్మర్దీ?” అన్నాడు బావ.

“నమ్మితే బేడీలతో వచ్చేవాణ్ణి, స్క్రూడ్రైవర్‌తో కాదు. చెప్పు. దీంట్లో సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్ ఏది?”

“ఉండేది. తీసేశాను. ఏ ప్రోగ్రామ్ బయటికి కదిలినా ‘ఇది వెళ్తోంది, పోనివ్వాలా?’ అని కిటికీ తెరిచి అడిగేది. ప్రాణం తోడేసేది. మీ అక్కయితే చదవకుండానే అన్నిటికీ ‘సరే’ నొక్కేది.”

“చంటిపిల్లలా అలా అడుగుతూ ఉంటే ఏం చేయను?” అంది అక్క.

“పెట్టె ఉండగా ఈ పోరెందుకని మేడమ్ అంటే తీసేశాను.”

“ఏ మేడమ్?”

“ఈవిడే. పెట్టె బిగించింది ఈవిడేగా.”

మైనా నవ్వింది. “ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? కంప్యూటర్ నత్తలా పాకుతుంది. ఇంట్లోవాళ్ళకి హార్డ్‌వేరే సుఖం. బిగించి మరిచిపోవచ్చు.”

మరిచిపోవచ్చు! ముంగిస నరాలు చిటపటలాడాయి. ఆ పెట్టె గేటు దగ్గర కాపలావాడు. వచ్చేవాణ్ణి నిలదీస్తాడు. మూట నెత్తిన పెట్టుకుని ఇంట్లోంచి వెళ్ళేవాడికి మాత్రం సలాం కొడతాడు, యజమాని పంపాడేమోనని. మరి లోపల కూర్చుని ప్రతివాణ్ణీ ‘నువ్వెవరు, ఎక్కడికి?’ అని అడిగేవాణ్ణి వీళ్ళే సాగనంపారు. భగవంతుడు మనిషి కళ్ళు బయటికి చూసేలా పెట్టాడు నిజమే. లోపలికి చూసుకోవద్దని చెప్పాడా? నమ్మకం గొప్పదే. ఒక్క ప్రశ్న అడిగితే చిన్నబోతుందా?

కానీ అనుమానం చాలదు. దొంగ వెళ్తూ దొరకాలి.

స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. అందులోంచి పెన్‌డ్రైవ్ బయటికొచ్చింది.

“ఏమిటది?” మైనా గొంతు మారింది.

“పోరు పెట్టేది,” అని కంప్యూటర్‌కు గుచ్చాడు.

ఫైర్‌వాల్ ఎక్కుతోంది. సగం. ముప్పావు. గోడ గడియారం నాలుగుకు చేరువైంది. బావ పెదవులు ఏదో జపిస్తున్నాయి. ప్రోగ్రామ్ ఎక్కిందో లేదో, తెర మధ్యలో కిటికీ తెరుచుకుంది.

‘ప్రింటర్ హెల్పర్ బయటికి వెళ్తోంది. పోనివ్వాలా?’

కింద ఒక విదేశీ అడ్రస్.

“ప్రింటర్‌కి విదేశంలో ఏం పని?” ముంగిస వెనక్కి తిరిగాడు. “ఆ ప్రోగ్రామ్ ఎవరెక్కించారు బావా?”

“పెట్టెతో పాటు… ఈవిడే.”

మైనా చేతిలో లిప్‌స్టిక్ ఉంది. మూత తీస్తే అందులో రంగు లేదు, సన్నటి తుపాకి గొట్టం ఉంది.

“చేతులు పైకి, ముంగిసా. చెద మన డిపార్ట్‌మెంట్ కంటే బాగా జీతమిస్తుంది.” గొట్టం బావ కణత మీదికి తిరిగింది. అలవాటు కొద్దీ అక్క చేయి అప్పటికే మౌస్ మీద ఉంది. “అక్కగారూ, మీకు కొత్తేం కాదుగా. ‘సరే’ నొక్కండి. లేదా బొట్టు చెరుపుకోండి.”

అక్క భర్త వైపు చూసింది. ఆయన కళ్ళతోనే వద్దన్నాడు.

“మా ఇంట్లో కూర్చుని నా చేతి కాఫీ తాగావు కదే, దయ్యమా! ఆయన్ని దొంగని చేసింది చాలక నన్నూ దొంగని చేస్తావా?”

‘వద్దు’ మీద నొక్కింది.

మైనా మొహంలో అందం ఇగిరిపోయింది. ఆమె చూపు తెర మీదికి మళ్ళిన ఆ రెప్పపాటులో, జన్మలో ఎవరినీ గట్టిగా మందలించి ఎరగని బావ లేచి, గోడకున్న ఉక్కు పెట్టెను తీగలతో సహా పెరికి ఆమె మణికట్టు మీద మోదాడు.

“నన్ను ద్రోహి అంటారా!”

గుండు పైకప్పులో దిగింది. సున్నం రాలింది. మైనా నేలమీద కూర్చుండిపోయింది. ముంగిస ఆమె చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు, మామూలు కంటే ఒక ముడి ఎక్కువే వేసి.

నాలుగు దాటాక చీఫ్ బేడీలతో వచ్చాడు. ముంగిస గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. ప్రోగ్రామ్ పేరు, విదేశీ అడ్రస్, అది వెళ్ళబోయిన గంట, అన్నీ కంప్యూటర్‌లో పదిలంగా ఉన్నాయి.

“మాట పడ్డది మా బావ. క్షమాపణ మీరే చెప్పుకోండి.”

“ఇంటర్నల్‌గా చూసుకుందాంలే…”

“ఇక్కడే. అక్క వినాలి.”

చీఫ్ టై సర్దుకున్నాడు. నేలవైపు చూస్తూ, “పొరపాటు మాది. క్షమించండి,” అన్నాడు. బావ తల మాత్రం ఊపాడు. అక్క కుర్చీ వేయలేదు.

ఎటు చూడాలో తోచని చీఫ్ కళ్ళకు మూలన సొట్టపోయిన ఉక్కు పెట్టె కనపడింది.

“ఇదేమిటి? డిపార్ట్‌మెంట్ సొత్తు! పాడైందా?”

“లేదు సార్,” అన్నాడు ముంగిస ఊడిన మీసం జేబులో పెట్టుకుంటూ. “పని చేయడం మొదలెట్టింది ఇవాళే.”